మా మామ అడిగిన పుల్ల క్యాబేజీ

ఆ ఏడాది మార్చిలో మా మామకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. మాట పోయిందంటే గొంతు పోలేదు, గొంతు ఎప్పటిలాగే ఉంది. తలలో ఉన్న మాట నోటికి అందేది కాదు, అంతే. నీళ్ళు కావాలంటే "తాళం" అనేవారు. అది తప్పని ఆయనకే తెలిసేది. తెలిసి ఇంకా ఉడుక్కునేవారు. రైలు పెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో ముప్పై ఎనిమిదేళ్ళు వెల్డింగ్ పని చేసి, ఆ చప్పుళ్ళ మధ్య వినపడేలా అరిచి అరిచి, రిటైరయ్యాక కూడా ఇంట్లో అదే గొంతుతో మాట్లాడిన మనిషి. పెరంబూరులో మా వీధి మొదట్లో కూరగాయల బండి ఆగితే, మామ ఇంట్లోంచే బేరం చేసేవారు.

మాట తెప్పించడానికి వారానికి రెండుసార్లు ఒక అమ్మాయి వచ్చేది. బొమ్మల కార్డులు ఒక్కొక్కటే చూపించి "ఇది ఏంటి తాతా?" అని అడిగేది. గొడుగు, ఆవు, కుర్చీ. మామ రెండు కార్డులు చూసి మూడోదాన్ని ఎడమచేత్తో తోసేసేవారు. చిన్నపిల్లల ఆట ఆయనకు అవమానంగా ఉండేది.

"మొదటి నెలల్లో ఎంత రాబట్టుకుంటే అంత మంచిదక్కా," అని ఆ అమ్మాయి వెళ్ళేముందు గుమ్మంలో నాతో అంది. "ఆయనకు బాగా ఇష్టమైనదేదో పట్టుకోండి. దాని చుట్టూ మాట్లాడించండి. కార్డులతో కాదు."

ఇష్టమైనది ఏదని అడిగితే మా ఆయనకు తెలియలేదు, మా అత్తకు తెలియలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో వండుతున్న నాకూ తెలియలేదు. పెట్టింది తిని చెయ్యి కడుక్కునే మనిషి ఆయన.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం పెరుగన్నం గిన్నెను పక్కకు నెట్టి "క్రౌట్" అన్నారు.

"క్రౌడా?" అంది మా అత్త.

ఆ రోజు ఆయన్ని చూడ్డానికి బంధువులు ఆరుగురు వచ్చి హాల్లో కూర్చుని ఉన్నారు. జనం ఎక్కువైందని విసుక్కుంటున్నారనుకున్నాం. మా ఆయన మొహమాటపడుతూనే వాళ్ళందరికీ కాఫీలిచ్చి పంపేశారు. మర్నాడు ఇంట్లో మేం తప్ప ఎవరూ లేరు. మళ్ళీ అదే మాట. "క్రౌట్. క్రౌట్." ఎడమచేతి వేళ్ళు నోటి దగ్గరకు తీసుకెళ్ళి చూపించారు. తిండి అని అర్థమైంది. ఏ తిండో అర్థం కాలేదు. రొట్టె తెచ్చాం, బన్ను తెచ్చాం, పక్కింటావిడ కారట్ అంటున్నారేమోనని కారట్ హల్వా చేసి పంపింది. అన్నింటికీ తల అడ్డంగా ఊపారు.

తర్వాతి ఆదివారం రాయపురం నుంచి మామ స్నేహితుడు వచ్చాడు. ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరి, ఒకే నెలలో రిటైరైనవాళ్ళు. ఆయన మంచం పక్కన కూర్చోగానే మామ అదే మాట అన్నారు. పెద్దాయన ఒక్క క్షణం చూసి పెద్దగా నవ్వాడు.

"అది తిండి గదమ్మా! మేమిద్దరం పెండ్లిళ్ళకు ముందు జర్మనీకి ట్రైనింగుకి పొయ్యుంటిమి. ఎనిమిది నెలలు. నేను ఏం పెట్టినా తినేస్తిని. ఈయన నీచు ముట్టడు గదా, ఆడ అన్నిట్లోనూ నీచే. మేముండిన ఇంటి ముసలామె ఈయన కోసరం వేరే గిన్నెలో కోసు, అదే క్యాబేజీ, వండతా ఉండె. ఉప్పేసి పులియబెట్టిన కోసు. దాన్నే వాళ్ళు క్రౌట్ అంటారు. పంది కొవ్వు వెయ్యకుండా, వెన్నేసి. ఈయన దాంతోనూ ఉడకబెట్టిన ఆలుగడ్డతోనూ బతికినాడు."

మామ ఎడమచేత్తో స్నేహితుడి మోకాలి మీద కొట్టారు. ఆపకుండా కొట్టారు. ఆయన కళ్ళలో నీళ్ళు చూడ్డం నాకు అదే మొదటిసారి.

పట్టుకోవాల్సింది దొరికిందని అప్పుడు అనుకున్నాను. నేను మనలిలో ఒక రసాయనాల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తాను. కొలవడం, తూచడం, రాసిపెట్టడం, తప్పితే మళ్ళీ చెయ్యడం నా రోజువారీ పని. క్యాబేజీ, ఉప్పు. ఉన్నవి రెండే వస్తువులు. ఇది నా వల్ల కాకపోతే ఇంక ఏది అవుతుందని లోపల్లోపల కొంచెం పొగరు కూడా పడ్డాను.

ఆ పొగరుతోనే మొదటిరోజు అడ్డదారి తొక్కాను. క్యాబేజీని సన్నగా తరిగి, ఉడకబెట్టి, వెనిగర్ పోసి, వెన్నలో వేయించి పెట్టాను. మామ ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆశగా నమిలారు. తర్వాత నా వైపు చూసి "తాళం" అన్నారు. మాట తప్పే. అర్థం మాత్రం నాకు స్పష్టంగా తెలిసింది.

ఉప్పు విషయం డాక్టరుగారిని అడిగాను. రక్తపోటు ఉంది కాబట్టి, బాగా కడిగి, పిండి, రెండు మూడు చెంచాలకు మించకుండా పెట్టమన్నారు.

"ఆ మాత్రానికి నువ్వెందుకు కష్టపడతావు? డబ్బాలో దొరుకుతుందంట, తెప్పిస్తాను," అన్నారు మా ఆయన.

"డబ్బాలో ఎంత ఉప్పు వేస్తారో నా చేతిలో లేదు. నేను చేస్తే ఉంటుంది," అన్నాను.

నిజానికి అదొక్కటే కారణం కాదు. డబ్బా అయితే ఒక్కరోజులో మూత తీసి పెట్టేస్తాం. ఇంట్లో పులిస్తే రోజూ ఆయన ముందు పెట్టి చూపించొచ్చు, వాసన చూపించొచ్చు, అడగొచ్చు. ఆ అమ్మాయి చెప్పింది నా చెవిలో తిరుగుతూనే ఉంది.

మే నెల వచ్చేసింది. కత్తిరి ఎండలు మొదలయ్యాయి. అందరూ ఇంట్లో చల్లని మూల వెతుక్కునే ఆ రోజుల్లో నేను ఒక పెద్ద గాజుసీసాలో క్యాబేజీ తురుము నింపి, ఉప్పు పిసికి, వంటింటి అలమరలో పెట్టాను. నీరు ఊరింది. మూడోరోజుకు ఆ నీటిలోంచి తురుము పైకి తేలింది. రోజంతా డ్యూటీలో ఉండి నేను చూసుకోలేదు. నాలుగోరోజు నేను గేటు తీస్తుంటేనే మా అత్త ఎదురొచ్చింది.

"యాడో ఎలక చచ్చింది. పొద్దున్నించి వెతకతా ఉండా."

ఎలక కాదు. సీసా మూత తీస్తే పైన నల్లటి బూజు, కింద జిగురు. మొత్తం తీసుకెళ్ళి పారబోశాను. రెండురోజులు వంటింటి కిటికీలు తెరిచే ఉంచాం.

రెండోసారి తూకం వేసి చేశాను. కిలో క్యాబేజీకి పాతిక గ్రాముల ఉప్పు, ఇంట్లో వంటకు వాడే చిన్న ఎలక్ట్రానిక్ తూకం మీద. తురుము తేలకుండా పైన క్యాబేజీ ఆకు పరిచి, దానిమీద నీళ్ళు నింపిన చిన్న గ్లాసు బరువుగా పెట్టాను. బూజు పట్టలేదు. పులుపు కొలిచే కాగితం ముంచి చూస్తే రంగు సరిగ్గా మారింది. కానీ మూడే మూడు రోజుల్లో అది గంజిలో నానిన కాగితంలా మెత్తబడిపోయింది. నోట్లో వేసుకుంటే పుల్లగానే ఉంది, పంటికి తగిలేదే లేదు. వంటింట్లో థర్మామీటరు పెట్టి చూశాను. ముప్పై నాలుగు డిగ్రీలు. ఉప్పు సరే, కొలత సరే. మా ఇంటి వేడికి అది పులవడం లేదు, ఉడికిపోతోంది.

"వానలు పడినాక చేసుకోవచ్చు లేమ్మా," అంది అత్త.

"అప్పటికి ఆలస్యమైపోతుందత్తా. ఇప్పుడే కావాలి."

అత్తకు ఈ వ్యవహారం మొత్తం మీద కోపంగా ఉందని నాకు తెలుసు. అంతకు ముందురోజే, మామ నిద్రపోతుండగా, బియ్యం ఏరుతూ అననే అంది. "యాభై ఏండ్లు నా చేతి కూడు తిన్నాడు. నోరు పొయినాక అడిగింది ఆ దొరసాని కూర." అందులో కోపం కంటే నొప్పి ఎక్కువుంది. నేను ఏం చెప్పినా అబద్ధమే అయ్యేది.

మూడోసారికి సీసా వద్దనుకున్నాను. పింగాణీ జాడీ అయితే మందంగా ఉంటుంది, వెలుతురు చొరబడదు. ఇంట్లో ఉన్న పెద్ద జాడీ అత్త ఆవకాయ జాడీ. అడగడానికి భయపడుతూనే అడిగాను. ఆమె అటక మీంచి మా ఆయన చేత ఇంకో జాడీ దింపించింది. దాన్ని వేడినీళ్ళతో కడిగి, ఎండలో బోర్లించి, పొడిగుడ్డతో తుడిచి నా ముందు పెట్టింది.

"నువ్వు కోసును కత్తితో తరిగితే లాభం లే. ఒక్కోటి ఒక్కో లావు. ఈడ ఇయ్యి," అని కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. ఆమె తరిగిన క్యాబేజీ వెంట్రుకల్లా పడింది. ఉప్పు కలిపి పిసికింది కూడా ఆమే. జాడీలో పిడికిలితో అదిమి అదిమి నింపుతూ, "ఊరగాయ పెట్టేదానికి నాకు కాగితాలు అక్కర్లే," అంది. ఆ మాటకు మంచం మీంచి మామ నవ్వారు. ఆయన నవ్వడం విని అత్త తలెత్తలేదు, కానీ చేతులు ఇంకా గట్టిగా అదిమాయి.

మెట్ల కింద, ఎండ తగలని చోట, ఒక ప్లాస్టిక్ తొట్టిలో సగం నీళ్ళు పోసి జాడీని అందులో నిలబెట్టాను. ఫ్రీజర్లో గడ్డకట్టించిన నీళ్ళసీసాలు మూడు తొట్టిలో వేశాను. పొద్దున షిఫ్టుకు వెళ్ళేముందు ఒకసారి, సాయంత్రం రాగానే ఒకసారి సీసాలు మార్చాలి. మధ్యాహ్నం మార్చే పని అత్త తీసుకుంది. గోడకు ఒక కాగితం అంటించి నీళ్ళ వేడి రాసిపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై రెండు. రోజూ సాయంత్రం ఒక చిన్న గిన్నెలో ఆ నీరు తీసుకెళ్ళి మామ ముక్కు దగ్గర పెట్టేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని పీల్చేవారు. కొన్ని రోజులు తల అడ్డంగా ఊపారు. ఏడోరోజు అడ్డంగా ఊపలేదు.

ఎనిమిదోరోజు మధ్యాహ్నం నేను ల్యాబులో ఉండగా ఫోన్ వచ్చింది. మా అత్త తనంత తాను నా పనివేళల్లో ఎప్పుడూ ఫోన్ చెయ్యదు. మామకేమైనా అయిందేమోనని చేతిలో పని వదిలేసి ఫోన్ ఎత్తాను.

"వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపొయ్యింది. కరెంటు లేదు. సీసాలన్నీ నీళ్ళయిపొయినాయి. నీళ్ళు వెచ్చబడతా ఉండాయి. ఏం జెయ్యాల?"

నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. మనలి నుంచి బయల్దేరి వెళ్ళినా లారీల మధ్య గంటన్నర పడుతుంది. రాయపురం పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆయనుండేది చేపల హార్బరు పక్కన, ఐసుకు కొదవేముంది. ఆయన గోనెసంచిలో చుట్టిన ఐసుగడ్డను ఆటోలో వేసుకుని ముప్పావుగంటలో మా ఇంటికి చేరాడు. గుమ్మంలో అత్త ఆపేసిందని తర్వాత ఆయనే చెప్పాడు.

"చేపల ఐసా? మా ఇంట్లోకా?"

"చేపను చూడని ఐసమ్మా. ఐసు కంపెనీ దగ్గర నించి నేరుగా తెచ్చినా. సంచి కూడా కొత్తది."

అత్త ఆ గడ్డను చుట్టూ తిరిగి వాసన చూసి, మీద రెండు చెంబుల నీళ్ళు పోసి, సరే పెట్టమందట. నేను సాయంత్రం వచ్చి థర్మామీటరు చూస్తే ఇరవై నాలుగు. గోడమీది కాగితంలో మధ్యాహ్నం గడి ఖాళీగా లేదు. అత్త పెన్సిలుతో వంకర అంకెల్లో ఇరవై ఏడు అని రాసిపెట్టింది. పక్కన "ఐసు" అని కూడా రాసింది.

పధ్నాలుగోరోజు జాడీ తెరిచాం. నీరు లేతగా, వాసన శుభ్రంగా, ఘాటుగా ఉంది. ఒక పోగు తీసి నోట్లో వేసుకున్నాను. పంటి కింద కరకరలాడింది. పులుపు నాలుక పక్కల నుంచి మెల్లగా వచ్చింది. అత్తకు ఇస్తే నమిలి, "పాడు గాలేదు," అంది. ఊరగాయల విషయంలో ఆమె నోట అంతకంటే పెద్ద మాట రాదు.

ఇప్పుడు వండాలి. రెండు గుప్పిళ్ళు తీసి, మూడు నీళ్ళు కడిగి, గట్టిగా పిండాను. వెన్న కరిగించి ఉల్లిపాయలు మెత్తబడేదాకా వేయించి, బిర్యానీ ఆకు, నాలుగు మిరియాలు, కొంచెం షాజీరా వేసి, క్యాబేజీ వేసి నీళ్ళు చిలకరించి మూతపెట్టాను. చిన్న మంట మీద ముప్పావుగంట. చివర్లో చిక్కబడటానికి పచ్చి ఆలుగడ్డ ఒకటి తురిమి వేశాను. ఒకచోట ఆపిల్ కూడా వెయ్యమని చదివాను గానీ, కూరలో ఆపిల్ ఏమిటని మానేశాను. మామ మింగడానికి వీలుగా చెంచాతో మెదిపి, ఉడికిన ఆలుగడ్డ పక్కన పెట్టి తీసుకెళ్ళాను.

మా ఆయన, అత్త, నేను ముగ్గురం మంచం చుట్టూ నిలబడ్డాం. మామ మొదటి చెంచా తిన్నారు. రెండోది తానే ఎడమచేత్తో తీసుకున్నారు. నమలడం ఆపి, దేనికోసమో వెతుకుతున్నట్టు నుదురు ముడిచారు. పెదవులు ఒకసారి కలిసి విడిపోయాయి. మళ్ళీ తప్పుమాట వస్తుందేమో, ఉడుక్కుంటారేమో అని భయపడ్డాను.

"ఆపిల్," అన్నారు.

ముగ్గురం ఆయన మీదికి వంగాం.

"ఆపిల్ లే," అన్నారు మళ్ళీ, చెంచాతో గిన్నె మీద కొడుతూ.

ఆ క్రౌట్ తప్ప, మూడు నెలల్లో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి సరైన మాట అది. వెంటనే ఒక వాక్యం. అది కూడా వంట మీద ఫిర్యాదు. మా ఆయన గోడవైపు తిరిగి నిలబడిపోయారు. నేను, "అవును మామా, వెయ్యలేదు. తప్పు నాదే. రేపు వేస్తాను," అన్నాను.

మర్నాడు నాకు సెలవు. మామను కుర్చీలో కూర్చోబెట్టి వంటింట్లోకి తెచ్చాం. ఆపిల్‌ను ముక్కలు కోస్తుంటే "ఊహుఁ" అన్నారు. ఎడమచెయ్యి కిందికి పైకి ఆడించారు. తురమాలా అని నేను అడగబోయి, నాలుక కరుచుకుని ఆగాను. ఆయన్నే చెప్పనివ్వాలి. చాలాసేపు పట్టింది. పొయ్యిమీద ఉల్లిపాయ మాడుతోందని అత్త సైగ చేస్తున్నా నేను కదల్లేదు.

"తు... తురుము," అన్నారు.

తురిమాను. ఉల్లిపాయలు మాత్రం మళ్ళీ కొత్తవి వేయించాల్సి వచ్చింది.

ఆ తర్వాత మాట నేర్పే అమ్మాయి కార్డులు సంచిలోనే ఉంచి వంటింట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. వెన్న, మంట, మూత, చాలు, ఇంకొంచెం. రోజుకు రెండు మాటలు, కొన్ని రోజులు ఒక్కటి కూడా లేదు. కొన్నిసార్లు తిట్టు మాత్రం తడబడకుండా వచ్చేది. నెలన్నర తర్వాత ఒకరోజు గిన్నెలోకి చూస్తూ, ముక్కలు ముక్కలుగా, ఆ ముసలామె సంగతి చెప్పారు. జర్మనీలో మొదటి వారమంతా ఆయన రొట్టె తప్ప ఏమీ తినలేదట. ఒకరోజు ఆమె ఆయన చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి, అలమర తెరిచి ఒక గిన్నె చూపించి, పందిలా ముక్కు ఎగబెట్టి, వద్దన్నట్టు వేలు ఊపిందట. ఈ గిన్నెలో ఎప్పుడూ మాంసం వండను, ఇది నీది అని. ఆమె భాష ఈయనకు రాదు, ఈయన భాష ఆమెకు రాదు.

"ఏడ్చినా," అన్నారు మామ. "ఆడ. నిలబడి."

అత్త అప్పుడు గుమ్మంలో ఉంది. ఆ మాట విని లోపలికొచ్చి ఆయన చేతిలోంచి గిన్నె తీసుకుని, ఇంకొక చెంచా వడ్డించింది. "మంచి ఆడమనిషి," అంది. ఆ రోజు నుంచి దొరసాని అనడం మానేసింది.

ఆయన కుడిచెయ్యి తిరిగి రాలేదు. మాట సగం వచ్చింది. ఆ సగంతోనే ఇల్లు నడుపుతున్నారు. చలికాలంలో తొట్టి, సీసాలు లేకుండానే జాడీ పెట్టొచ్చని తెలుసుకున్నాం. పోయిన డిసెంబరులో మామ కర్ర పట్టుకుని, మా ఆయన భుజం ఆసరాతో, వీధిలో ఆగిన కూరగాయల బండి దాకా నడిచి వచ్చారు. ఎడమచేత్తో క్యాబేజీలు ఒక్కొక్కటే నొక్కి చూశారు. రెండు పక్కన పెట్టేసి, మూడోది పైకెత్తి నా సంచిలో వేశారు.

"పొరియలు వేపుడుకా తాతా?" అని అడిగింది బండి ఆమె.

"పొరియలు కాదు," అన్నారు మామ, తడుముకోకుండా. "పులియబెట్టేదానికి."